వాటా మాంసం ఫ్రిజ్‌లో పెట్టుకుని ఫిర్యాదు చేయొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు వేట గురించే. రెండు మన కొండల కిందివి, ఒకటి కొడుకు అమెరికాలో ఉన్న తల్లి రాసింది. పేర్లు తీసేశాను. ఉదయగిరి ఉత్తరానికే చోటంతా పోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాది ఉదయగిరి వైపు. మా బామ్మర్దికి కొండ కిందే నిమ్మతోట ఉంది. పందులు పడి పాదులన్నీ తవ్వేస్తుంటాయి, అందుకని వాళ్ల నాయన కాలం నుంచి పంట కాపలాకి లైసెన్సు తుపాకీ ఒకటి ఉంది. ఏడాదికి నాలుగైదు సార్లు మేం ఐదుగురం రాత్రిపూట కొండెక్కుతాం, పంది దొరికితే పంది, లేకపోతే కుందేలు. పోయిన నెల అమావాస్య ముందు రోజు ఫారెస్టు వాళ్లు నీళ్లు పోసే సాసర్ పిట్ దగ్గర లైటు వేశాను, రెండు కళ్లు మెరిశాయి, బామ్మర్ది కాల్చాడు. పంది అనుకున్నానంటాడు. పంది కళ్లు లైటుకి అట్టా వెలగవని వేటకి పోయేవాళ్లందరికీ తెలుసు. పడింది ఆడ కణితి, అదే సాంబర్ జింక. అక్కడికీ సర్దుకుందును, కోస్తే కడుపులో పిల్ల ఉంది. ఒంటి మీద వెంట్రుక వచ్చేసింది, డెక్కలు మాత్రం ఇంకా గట్టిపడలేదు, పసుపచ్చగా మెత్తగా ఉన్నాయి. ఆ డెక్కలు నేను చేత్తో పట్టుకుని చూశాను. ఇప్పుడు సమస్య ఏందంటే, మేం పారేసిన తల, పేగులు కుక్కలు లాక్కొచ్చాయి, ఫారెస్టు వాళ్లకి తెలిసింది, తోటలో కాపలా ఉండే యానాది అతన్ని రెండుసార్లు తీసుకుపోయి అడిగారు. ఆ రాత్రి అతను మాతో రానే లేదు. బామ్మర్ది "గమ్మునుండు బావా, రెండు రోజులు తిప్పి వాళ్లే వదిలేస్తారు" అంటున్నాడు. మా ఆవిడేమో తమ్ముడి జోలికి పోతే పుట్టింటి గడప ఎట్టా తొక్కేదని ఏడుస్తోంది. చెప్తే చుట్టరికం పోతుంది, చెప్పకపోతే నిద్ర పట్టట్లేదు. తోటివాళ్లను పట్టించడం తప్పు కాదా? నా వాటా రెండు కిలోలు ఫ్రిజ్‌లో అట్టాగే ఉంది, ముట్టుకోలేదు.

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివితే బామ్మర్ది తప్పు చేశాడు, మీరు మధ్యలో ఇరుక్కుపోయారు అన్నట్టే ఉంది. రెండోసారి చదివినప్పుడు "లైటు వేశాను" అన్న మాట కనపడింది. మూడోసారికి ఫ్రిజ్ కనపడింది. మధ్యలో ఉన్నదంతా బామ్మర్ది గురించి, మొదలూ చివరా మాత్రం మీ గురించి. అందుకని మీరు అడిగిన ప్రశ్న కొంచెం మార్చుకుంటాను. తోటివాళ్ల గురించి చెప్పాలా వద్దా అనేది తర్వాత. మీ గురించి మీరు చెప్పుకోకుండా వాళ్ల గురించి చెప్పగలరా అనేది ముందు.

నీతులు చెప్పేంత శుభ్రమైన నోరు నాదీ కాదు లెండి. సీతారాంపురం వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో వేసవి సెలవుల్లో నేనూ కణితి మాంసం తిన్నాను. చీకటి పడ్డాక మోదుగాకుల పొట్లంలో వచ్చేది. మా అమ్మమ్మ తలుపు గొళ్లెం పెట్టి, పొయ్యి పైన కట్టిన దారానికి ఉప్పుకండలు వేలాడదీసేది. పొగకి నల్లబడి, నమిలితే పీచు పీచుగా ఉండేది, పళ్ల సందుల్లో ఇరుక్కుంటే మర్నాటిదాకా రాదు. ఎవరు తెచ్చారని అడిగితే "నువ్వు తిను" అనేది. అప్పటికే వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి నాలుగైదేళ్లయింది. అది 1972 నాటి చట్టం. అది వచ్చాక కూడా కొన్ని జంతువులను లైసెన్సు తీసుకుని వేటాడే పద్ధతి ఉండేది, 1991 సవరణ తర్వాత మన దేశంలో సరదాకి, కూరకి వేటాడే హక్కు ఎవరికీ లేకుండా పోయింది. అమ్మమ్మకి ఆ చట్టం పేరు తెలియదు గానీ గొళ్లెం ఎందుకు పెట్టాలో బాగా తెలుసు.

కాబట్టి "తోటివాళ్లు" అని మీరు రాసిన మాట చట్టం ముందు చెల్లదు. నియమం పాటించే వేటగాళ్లు, తప్పిన వేటగాళ్లు అని రెండు రకాలు మన దగ్గర లేరు. పంది కోసం వెళ్లాం, పొరపాటున కణితి పడింది అంటున్నారు. పందిని, కుందేలును కాల్చినా నేరమే. పందులు పంట పాడుచేస్తున్నాయంటే అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవాలి. ఎవరు, ఎక్కడ, ఎట్లా చంపొచ్చో రాతపూర్వకంగా అనుమతి వస్తేనే తుపాకీ ఎత్తాలి. తుపాకీ లైసెన్సు వేటకి లైసెన్సు కాదు, ఆ తుపాకీని కొండెక్కించడమే లైసెన్సు షరతు మీరడం. ఇంకో సంగతి, చట్టంలో "వేట" అంటే ట్రిగ్గర్ నొక్కడం ఒక్కటే అనుకునేరు. తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, చంపాలని ప్రయత్నం చేసి తప్పిపోవడం కూడా వేటే. చీకట్లో లైటు పట్టి జంతువును కదలకుండా నిలబెట్టినవాడు నేను చూడ్డానికి వెళ్లానంటే ఏ కోర్టూ నమ్మదు.

శిక్ష సంగతి మీరు అడగలేదు, భయపడి ఉంటారు. మామూలుగా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అభయారణ్యం హద్దు లోపల జరిగిందని తేలినా, చంపింది చట్టంలోని మొదటి జాబితా జంతువైనా మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా వెళ్లొచ్చు. మన వెలిగొండల్లో చాలా మేర పెనుశిల నరసింహ అభయారణ్యం కిందికి వస్తుంది. మీ సాసర్ పిట్ ఆ గీతకి ఇవతలో అవతలో మీకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే ఫిర్యాదుకి ముందు తెలుసుకోవాల్సిన మొదటి విషయం అదే. ఎందుకంటే నేరం రాజీ చేసుకుని డబ్బు కట్టి బయటపడే దారి కూడా ఆ గీతను, చంపిన జంతువును బట్టే ఉంటుంది.

ఫ్రిజ్ దగ్గరికి వద్దాం. వేటాడిన జంతువు, దాని మాంసం, చర్మం, కొమ్ము అన్నీ ప్రభుత్వ ఆస్తి. ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లోగా పోలీసు స్టేషన్లోనో అటవీ అధికారికో చెప్పాలని చట్టం. మీ 48 గంటలు ఎప్పుడో అయిపోయాయి. మాంసం మీ ఇంట్లో దొరికిందనుకోండి, అది తప్పుడు దారిన వచ్చింది కాదని నిరూపించుకోవాల్సింది మీరే. ముట్టుకోలేదు అన్నారు, సంతోషం, కానీ వాటా తీసుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు అంటారే, మీ పిడికెడు రెండు కిలోలు తూగింది. ఐదుగురికీ వాటా ఎందుకు వేస్తారనుకున్నారు, ప్రేమతోనా? తిన్న నోరు లేవదని. మా అమ్మమ్మ "నువ్వు తిను" అన్నది కూడా అందుకేనేమోనని ఈ వయసులో అనుమానం వస్తోంది.

ఆ మాంసం పారేయకండి, పాతిపెట్టకండి, కుక్కలకి వేయకండి. అట్లా చేస్తే సాక్ష్యం మాయం చేసిన నేరం ఇంకోటి తగులుకుంటుంది. మసాలా పెట్టి వండేస్తే ఏ మాంసమో ఎవరికి తెలుస్తుందని మీ జట్టులో ఎవరో ఒకరు అనే ఉంటారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో చిన్న ముక్క ఇస్తే డీఎన్ఏ చూసి ఏ జంతువుదో చెప్పేస్తారు, దేశం నలుమూలల నుంచి అటవీ శాఖలు వాళ్లకే పంపుతుంటాయి.

ఇక యానాది అతని సంగతి. మీ ఉత్తరంలో నన్ను కుదిపింది కణితి పిల్ల డెక్కలు కాదు, ఈ నాలుగు ముక్కలే. కణితి ఎనిమిది నెలలు మోసి ఒక్క పిల్లనే ఈనుతుంది, అది పోయింది, ఇక తిరిగి రాదు. ఈ మనిషి ఇంకా ఉన్నాడు, రేపో ఎల్లుండో మూడోసారి పిలుస్తారు.

నా సొంత విషయం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి కేసే ఒకటి నా దగ్గరికి వచ్చింది. జీపు, తుపాకీ, నలుగురు పెద్దింటి కుర్రాళ్లు, దుప్పి. కేసు పడింది మాత్రం వాళ్లకి దారి చూపించిన యానాది ఒక్కడి మీదే. జామీను ఇవ్వడానికి పట్టా కాగితం ఉన్న మనిషి దొరక్క అతను రెండు నెలలు లోపలే ఉన్నాడు. ఆ రెండు నెలల్లో అతని భార్య చంటిబిడ్డను చంకనేసుకుని వాయిదా వాయిదాకీ వచ్చేది, కోర్టు మెట్ల పక్కన చింతచెట్టు కింద కూర్చునేది, ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఆ నలుగురూ ఎదురు కొట్టులో టీ తాగుతూ ఉండేవాళ్లు. నేనూ అక్కడే తాగేవాణ్ని, ఎందుకంటే నేను ఆ నలుగురి వకీలును. తుపాకీ ఎవరు పేల్చారో నాకు వాళ్లే చెప్పారు. కక్షిదారు చెప్పిన మాట వకీలు బయట పెట్టకూడదు, అది చట్టం, అది మంచి చట్టమే, ఈ రోజుకీ అదే అంటాను. కానీ ఆమె ముందు నుంచి నడిచి వెళ్లడం ఏ చట్టమూ తేలిక చేయలేదు. నా నోటికి కట్టు ఉంది. మీ నోటికి ఏ కట్టూ లేదు, మీరే కట్టుకున్నారు.

బ్రిటిష్ వాళ్ల కాలంలో మన నెల్లూరు జిల్లాలోనే యానాదుల్ని నేరస్థ జాతుల చట్టం కింద సెటిల్మెంట్లలో పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది. కొండ కింద ఏదైనా చచ్చి కనపడితే ముందు ఎవరి గుడిసెకి వెళ్లాలి అన్న అలవాటు మాత్రం పోలేదు. మీ బామ్మర్ది "వాళ్లే వదిలేస్తారు" అంటున్నాడంటే ఆ అలవాటు మీదే భారం వేసి పడుకుంటున్నాడు. కాబట్టి మీరు గమ్మునుంటే ఏమీ జరగదు అనుకోవద్దు, జరుగుతోంది, వేరేవాళ్లకి జరుగుతోంది. అతనే మీ బామ్మర్ది తోట కాసేవాడు. మీ ఇళ్లకి పందులు రాకుండా రాత్రంతా డబ్బా కొట్టేవాడు.

ఏం చేయాలంటే, ముందు బామ్మర్దితో మాట్లాడండి. ఫోన్లో కాదు, వాట్సాప్‌లో అసలే కాదు, పగటిపూట, తోటలో, ఇద్దరే, తాగకుండా. "నేను ఫారెస్టు రేంజ్ ఆఫీసుకి వెళ్తున్నాను, నువ్వూ రా" అని చెప్పండి. వెళ్లాలా వద్దా అని అడగొద్దు. అడిగారంటే ముందు మామగారు వస్తారు, తర్వాత ఊరి పెద్దలు వస్తారు, ఆ తర్వాత కాపలా మనిషి చేతిలో ఓ ఐదు వేలు పెట్టి నోరు మూయించే మాట వస్తుంది. రెండు రోజులు గడువు ఇవ్వండి. బామ్మర్దే వచ్చి ఒప్పుకుంటే చుట్టరికంలో కొంచెమైనా మిగులుతుంది. "మా బావ నన్ను పట్టించాడు" అనడానికి, "మా బావ నన్ను తీసుకెళ్లాడు" అనడానికి ఊళ్లో చాలా తేడా ఉంది.

ఆ రెండు రోజుల్లోనే ఒక వకీలును కలవండి, బామ్మర్ది వకీలును కాదు, మీకంటూ వేరే ఒకరిని. మీరు కూడా ముద్దాయే అవుతారు, అది తెలిసి వెళ్లాలి. ముందుగా వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడిని కోర్టు ఎట్లా చూస్తుంది, సాక్షిగా మారే వీలుందా అన్నది ఆయన కాగితాలు చూసి చెప్తారు. తర్వాత రాసివ్వండి. మొదటి వాక్యం, ఆ రాత్రి కాపలా మనిషి మాతో లేడు. రెండో వాక్యం, లైటు పట్టింది నేను. మిగతాది ఆ తర్వాత. కంటితో చూసింది మాత్రమే రాయాలి. వాళ్లు అంతకుముందు కూడా చిరుతను కొట్టారట లాంటి విన్న మాటలు పెడితే మీ కాగితం మొత్తానికే విలువ పోతుంది. రసీదు తీసుకోండి. రేంజ్‌లో ఎవరైనా మొహమాటపడుతున్నట్టు అనిపిస్తే నేరుగా వాళ్ల పై అధికారి డీఎఫ్ఓకి ఇవ్వండి.

పేరు చెప్పకుండా ఫోన్ చేయొచ్చు కదా అంటారా. దారిన పోతూ చూసినవాళ్లు అట్లా చేయొచ్చు, నేనే చేయమంటాను. మీకు అది పనికిరాదు. ఎవరో ఫోన్ చేశారన్న మాట మీద ఆ మనిషిని వదలరు, అతను లేడని చెప్పగలిగిన ఐదుగురిలో ఒకరు ఎదురుగా వచ్చి నిలబడితేనే వదులుతారు. ఇంకోటి, సమాచారం ఇచ్చినవాళ్లకి జరిమానాలో సగం దాకా బహుమతిగా ఇప్పించే అధికారం కోర్టుకి ఉంది. బయటివాళ్లు తీసుకుంటే తప్పు లేదు. మీరు మాత్రం ఆ రూపాయి ముట్టుకోకండి, ఊరు ఆ ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది.

మీ ఆవిడ విషయంలో నా దగ్గర మంచి జవాబు లేదు. ముందు రోజే చెప్పండి, ఆఫీసు నుంచి వచ్చాక చెప్పొద్దు. ఆమె కోపం నిజం, పుట్టిల్లు పోతుందన్న భయం కూడా నిజమే. కొన్నేళ్లకి ఏ పెళ్లో పేరంటమో కలుపుతుందని నా అనుభవంలో చూశాను, కలపనివీ చూశాను. రాజస్థాన్‌లో బిష్ణోయ్‌లు కృష్ణజింకను చంపినవాడు ఎంత పెద్దవాడైనా జీపు వెంటపడి పట్టిస్తారు, 1998లో జోధ్‌పూర్ దగ్గర అదే చేశారు, 2018లో అక్కడి కోర్టు సల్మాన్ ఖాన్‌కి ఐదేళ్లు వేసింది, ఆయన అప్పీలుకి వెళ్లారు. అందరూ ఆ ఉదాహరణే చెప్తారు. కానీ వాళ్ల వెనక ఊరంతా ఉంది, చంపినవాడు బయటివాడు. మీ వెనక ఎవరూ లేరు, కాల్చింది ఇంటివాడు. మీది వాళ్లకంటే కష్టమైన పని, ఆ మాట ఒప్పుకుంటాను.

ప్రశ్న: మాది కందుకూరు. మా పెద్దబ్బాయి డెన్వర్‌లో ఉద్యోగం. పోయిన శరదృతువులో ఆఫీసు స్నేహితులు ఇద్దరితో కలిసి ఎల్క్ వేటకని కొండల్లోకి వెళ్లాడు. వాడు కోర్సు పాసై లైసెన్సు తీసుకునే వెళ్లాడండీ, కానీ వాడికి ఏమీ దొరకలేదు. స్నేహితుడు మొదటిరోజే ఒకటి కొట్టాడు, రెండోరోజు ఇంకోటి, పెద్ద కొమ్ములది, కొట్టి "నీ ట్యాగ్ ఎలాగూ వేస్టే కదా" అని మా వాడి ట్యాగ్, అంటే చంపిన జంతువుకి కట్టమని లైసెన్సుతో ఇచ్చే చీటీ, దానికి కట్టేశాడట. మా వాడు మొహమాటపడి ఊరుకున్నాడు. ఆ ఫొటో నాకు పంపితే గొప్పగా ఉందని నేను పేరంటంలో అందరికీ చూపించాను కూడా. ఇప్పుడు వాడు అధికారులకి చెప్పేస్తానంటున్నాడు. పరాయి దేశంలో మనకెందుకు, వీసా పోతుందని వాళ్ల నాన్నగారి టెన్షన్. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫొటో చూపించడం ఆపండి.

ఎల్క్ అంటే మన కణితికి పెద్దన్న లాంటి జింక. సిలోన్‌లో ఉన్న ఇంగ్లీషు దొరలు కణితినే ఎల్క్ అని పిలిచేవాళ్లు. పై ఉత్తరంలో చెప్పిన మన చట్టానికీ అక్కడి పద్ధతికీ పోలిక లేదు. అక్కడ వేట చట్టబద్ధం, లైసెన్సు డబ్బుతోనే అడవి శాఖ చాలావరకు నడుస్తుంది. ఒక ట్యాగ్, ఒక మనిషి, ఒక జంతువు. ఎవరు కాల్చారో వాళ్ల ట్యాగే కట్టాలి, అప్పు ఇవ్వడానికి అది సైకిల్ కాదు. మంచి చోట్ల ట్యాగ్‌లు లాటరీలో వస్తాయి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి దరఖాస్తు పెట్టుకుంటూనే ఉంటారు. అందుకే అక్కడ దొంగవేటను పట్టించేది ఎక్కువగా వేటగాళ్లే, వాళ్ల లెక్కలో అది క్యూలో నిలబడ్డవాళ్లందరి దగ్గరా దొంగతనం. కొలరాడోలో ఇందుకోసం 1981 నుంచీ ఆపరేషన్ గేమ్ థీఫ్ అని ఒకటి నడుస్తోంది, పేరు చెప్పకుండా ఫోన్ చేయొచ్చు, బహుమతి కూడా ఇస్తారు.

మన దగ్గర పట్టించడం ఇంటి గొడవ, అక్కడ అది క్రమశిక్షణ అని మీ అబ్బాయికి సులువుగా అనిపించి ఉంటుంది. కానీ ఉదయగిరి ఆయనకి చెప్పిందే వాడికీ చెప్తాను. ఆ కొమ్ములకి కట్టిన ట్యాగ్ మీద ఉన్నది స్నేహితుడి పేరు కాదు, మీ వాడి పేరు. పేరు లేకుండా ఫోన్ చేసి స్నేహితుడి మీద చెప్తే మొదట తలుపు కొట్టేది మీ వాడి ఇంటికే. 1995లో ఎస్టెస్ పార్క్ ఊళ్లో అందరికీ తెలిసిన సామ్సన్ అనే పెద్ద మగ ఎల్క్‌ను ఒకడు చంపేశాడు, ఆ కోపంలోంచి కొలరాడోలో 1998లో ఒక చట్టం వచ్చింది. కొమ్ముకి ఆరు కొనలు, అంతకు మించి ఉన్న మగ ఎల్క్‌ను దొంగతనంగా చంపితే మామూలు జరిమానా మీద ఇంకో 10,000 డాలర్లు. పెద్ద కొమ్ములు అని రాశారు కాబట్టి ఎన్ని కొనలో లెక్కపెట్టమనండి. ఒక రాష్ట్రంలో వేట లైసెన్సు పోతే ఒప్పందంలో ఉన్న మిగతా రాష్ట్రాల్లోనూ పోతుంది, దాదాపు దేశమంతా ఆ ఒప్పందంలో ఉంది.

వీసా గురించి వాళ్ల నాన్నగారి భయం తీసిపారేసేది కాదు. వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ వేట లైసెన్సు ఉంటేనే తుపాకీ పట్టుకోగలరు, ఆ లైసెన్సు దగ్గరే తేడా వచ్చింది కదా. ముందు ఇమిగ్రేషన్ వకీలు, తర్వాత క్రిమినల్ వకీలు, ఆ తర్వాతే అధికారికి ఫోన్. కానీ ఆ ఫోన్ మీ వాడే, తన పేరుతోనే చేయాలి. తప్పు చేసి తానే చెప్పుకున్నవాడితో ఆ శాఖవాళ్లు మెత్తగా ఉండటం మామూలే. ఆ స్నేహితుడికి కూడా ఆ దారి ముందే చెప్పమనండి, తానే ఫోన్ చేసుకునే అవకాశం ఒక్కరోజు ఇవ్వమనండి. "పరాయి దేశంలో మనకెందుకు" అన్న మాట ట్యాగ్ కట్టకముందు అని ఉంటే బంగారంలా ఉండేది.

ప్రశ్న: కనిగిరి దగ్గర మాది. పక్క చేను మా పెదనాన్న వరస ఆయనది. పందుల కోసం రాత్రి ఏడింటికి చేను చుట్టూ జీఐ తీగ కట్టి పైనున్న కరెంటు లైనుకి కొక్కెం తగిలిస్తాడు, పొద్దున తీసేస్తాడు. పెద్దాయన, ఎదురు చెప్పలేను. మెల్లగా సర్దిచెప్పే ఉపాయం ఏదైనా ఉందా?

జవాబు: లేదు. ఇది సర్దిచెప్పే విషయం కాదు. పై రెండు ఉత్తరాల్లో నేను రెండు రోజులు, ఒక్కరోజు అని గడువులు చెప్పాను, ఇక్కడ గడువు కూడా ఇవ్వను. ఆ తీగకి పంది తగులుతుందో, నీళ్లు కట్టడానికి వచ్చిన మీ తమ్ముడు తగులుతాడో, గొర్రెలు మేపుకునే కుర్రాడు తగులుతాడో కరెంటుకి తెలియదు. మనిషి పోతే ఆయన మీద పడేది వన్యప్రాణుల కేసు కాదు, ప్రాణం తీసిన కేసు, కరెంటు దొంగతనం దానికి అదనం. 1912కి ఫోన్ చేసి లైన్ మీద కొక్కెం ఉందని చెప్పండి, మీ ఊరి లైన్‌మన్‌కి కూడా చెప్పండి, రాత్రిపూట అయితే 112. మీ పేరు అడిగితే చెప్పొచ్చు, చెప్పకపోయినా వస్తారు. పందుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, సోలార్ కంచె అని ఉంది, అది షాక్ కొడుతుంది గానీ చంపదు, వ్యవసాయ ఆఫీసులో అడిగితే వివరాలు చెప్తారు.

మీ ఉత్తరం కింద ఫోన్ నంబరు రాశారు కాబట్టి అందిన రోజే చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం ఆరున్నరకి మళ్లీ చేస్తే మీ ఇంట్లో ఒక చిన్నపిల్ల ఎత్తి, నాన్న చేలోకి పోయాడని చెప్పింది. ఈ తీగ గురించి మీ నాన్నకి చెప్పమ్మా అన్నాను. "మా పెద్దతాత తీగా?" అని అడిగింది. ఆ పిల్లకి కూడా తెలుసన్నమాట.